పుస్తకములు కుట్టిన చేతులు – మైకేల్ ఫారడే జీవితము

పుస్తకమును కుట్టువాడు ఆ పుస్తకమును చదివి తీరవలెనను నియమము లేదు. కాగితములను వరుసగా పేర్చి, దారముతో కుట్టి, వీపునకు జిగురు పూసి, అట్ట వేసి, అంచులు కోసినచో వాని పని తీరును. లోపల నేమి వ్రాసియున్నదో తెలియకపోయినను కూలి తగ్గదు. ఐనను రెండువందల యేండ్లకు పూర్వము లండను నగరమున నొక అట్టల దుకాణములో పని నేర్చుకొనుచున్న బాలుడొకడు, కుట్టుటకు వచ్చిన పుస్తకములను రాత్రివేళ చదువ మొదలిడెను. విద్యుచ్ఛక్తిని మానవునకు వశము చేసినవారిలో నగ్రగణ్యుడైన మైకేల్ ఫారడే ఆ బాలుడే. మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తి చేసికొన్న యీ శుభసమయమున అతని చరిత్రను పాఠకులకు విన్నవించుట ఉచితమని తలచుచున్నాను.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన, నాడు లండనుకు దక్షిణపు టంచున నుండిన న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ కమ్మరి. బ్రతుకుతెరువు కొరకు ఉత్తరదేశమునుండి లండను చేరినవాడు. దేహారోగ్యము సరిలేనందున అతనికి కొలిమి పని నిలుకడగా సాగెడిది కాదు. నలుగురు బిడ్డలలో మైకేల్ మూడవవాడు. 1801లో ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగినపుడు ఆ కుటుంబము ధర్మసహాయముపై ఆధారపడవలసి వచ్చెను. తొమ్మిదేండ్ల మైకేలునకు ఒక్క రొట్టె యిచ్చి దానినే వారమంతయు సరిపెట్టుకొనుమని చెప్పిరట. చదువుట, వ్రాయుట, కొద్దిపాటి లెక్కలు — వీనితో అతని బడిచదువు ముగిసెను.

పదుమూడవ యేట, 1804లో, అతడు బ్లాండ్‌ఫర్డ్ వీథిలోని జార్జి రీబో అను పుస్తకముల వర్తకుని కడ పనికి కుదిరెను. ఆ కాలమున వార్తాపత్రిక వెల అధికము. కావున రీబో పత్రికలను అద్దెకిచ్చుచుండెను. ఒక యింట చదువుట ముగిసిన పిదప ఆ పత్రికను తెచ్చి మరియొక యింటికి చేర్చుట మైకేలు పని. ఒక్క పత్రికను పదిమంది చదువుకొను మన పఠనమందిరము వంటిదే ఆ యేర్పాటు; కాని అచ్చట మందిరమునకు బదులు ఒక బాలుని కాళ్లు నడచినవి. ఏడాది గడచునప్పటికి వాని నమ్మకమును చూచి సంతోషించి, రీబో రుసుము పుచ్చుకొనకయే అట్టల పని నేర్పుటకు ఏడేండ్ల ఒడంబడిక వ్రాసికొనెను.

రీబో మంచి యజమానుడు. పని ముగిసిన తరువాత కుర్రవాడు పుస్తకములు చదువుచుండగా చూచియు వారింపలేదు. ఒకమారు బ్రిటానికా విజ్ఞానసర్వస్వపు సంపుటము అట్టకు వచ్చెను. అందు విద్యుత్తును గూర్చిన వ్యాసమును మైకేలు శ్రద్ధగా చదివెను. పిమ్మట జేన్ మార్సెట్ అను విదుషీమణి సంభాషణల రూపమున వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథము వాని చేత పడెను. ఈ రెండును వాని జీవితమును మలుపు త్రిప్పినవి. ఇచ్చట పాఠకులు ముఖ్యముగా గమనింపవలసిన విషయమొకటి కలదు. మైకేలు చదివినదానిని చదివినట్లే నమ్మి యూరకుండలేదు. తనకున్న కొద్దిపాటి కాసులతో సీసాలు, మందులు కొని, ఆ గ్రంథములో చెప్పిన ప్రయోగములలో తన చేతనైనవానిని చేసి చూచెను. పుస్తకపు మాట సత్యమని తన కన్నులకు తోచిన పిమ్మటనే ఆ పుస్తకము వానికి గురువైనది. ఏబది యేండ్లు గడచిన తరువాత కూడ, లోకమెల్ల కొనియాడు దినములలో, మార్సెట్ అమ్మగారిని అతడు కృతజ్ఞతతో తలచుకొనుచుండెను.

1810లో తండ్రి మరణించెను. ఆ యేడే టేటమ్ అను నతడు తన యింట శాస్త్రోపన్యాసములు ఇచ్చుచున్నాడని తెలిసి, మైకేలు అచ్చటికి పోవ నారంభించెను. ఒక్కొక్క ఉపన్యాసమునకు ఒక షిల్లింగు. ఆ సొమ్మును కొలిమిలో పనిచేయు అన్న రాబర్టు ఇచ్చెను. విన్నదంతయు వ్రాసికొని, పటములు గీచి, తానే కుట్టి నాలుగు సంపుటములుగా అట్టవేసెను.

1812 వేసవిలో మైకేలు తన స్వంత విద్యుత్ఘటమును కట్టెను. అర పెన్నీ రాగి నాణెములు ఏడు. అంతే పరిమాణమున కత్తిరించిన తుత్తునాగపు రేకు బిళ్లలు ఏడు. వాని నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలు ఆరు. ఈ దొంతర యొక్క రెండు కొనలనుండి తీగెలు తీసి, ఎప్సం ఉప్పు కరగించిన నీటిలో ముంచెను. తీగెల చుట్టును బుడగలు పుట్టినవి. లోహము ద్రవమును తాకు చోట పదార్థము విడిపోవుచున్నదని ఆ యిరువదియేండ్ల అట్టలవాడు తన యింటనే కన్నులార చూచెను. అతని జీవితములోని గొప్ప పరిశోధనములు పెక్కు ఆ చోటినే, ఆ తాకిడి తలమునే, ఆశ్రయించుకొని యున్నవి.

ఆ సంవత్సరమే, రీబో దుకాణమునకు వచ్చు డాన్స్ అను నొక పెద్దమనుష్యుడు, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ యిచ్చు నాలుగు ఉపన్యాసములకు మైకేలునకు టిక్కెట్లు ఇచ్చెను. విద్యుత్తు సాయముతో సోడియము, పొటాషియము అను లోహములను 1807లో వేరుచేసిన డేవీ అప్పటి ఇంగ్లండులో మిక్కిలి పేరుగన్న రసాయన శాస్త్రవేత్త. మైకేలు మూడువందలకు పైబడిన పుటలలో ఆ ఉపన్యాసములను సాపు వ్రాసి, బొమ్మలు వేసి, చక్కగా అట్టవేసి యుంచెను. ఏ చిన్నపనియైనను సరే, శాస్త్రసేవలో చేరవలెనని వాని కోరిక. మొదట రాయల్ సొసైటీ అధ్యక్షునకు లేఖ వ్రాసెను, జవాబు రాలేదు. డిసెంబరులో ఆ పుస్తకమును డేవీకే పంపెను. డేవీ పిలిపించి ఆదరముతో మాటలాడెను గాని, అట్టల పనినే నమ్ముకొనుట మేలని హితవు చెప్పెను. కొలది వారములకు ప్రయోగశాల సేవకుడొకడు తగవులాడి పనినుండి తీసివేయబడగా, డేవీకి ఈ కుర్రవాడు జ్ఞప్తికి వచ్చెను. 1813 మార్చి 1వ తేదీన, వారమునకు 25 షిల్లింగుల జీతముతో, మిద్దెపై రెండు గదులతో, ఫారడే ప్రయోగశాల సహాయకుడుగా చేరెను.

ఆ శరత్కాలముననే డేవీతో గూడ అతడు ఐరోపాఖండ యాత్రకు వెడలెను. డేవీ సేవకుడు ప్రయాణమునకు రానందున ఆ పనియు ఫారడేయే చేయవలసివచ్చెను. డేవీ భార్య అతనిని నౌకరుగనే చూచెను. ఆ అవమానము అతని మనస్సును నొప్పించినను, యాత్రవలన కలిగిన లాభము కొలువరానిది. మిలాను నగరమున, విద్యుత్ఘటమును మొదట నిర్మించిన వోల్టాను చూచెను. 1814 మార్చిలో ఫ్లారెన్సు నగరమున డేవీ గొప్ప భూతద్దముతో సూర్యకిరణములను కేంద్రీకరించి వజ్రమును కాల్చుచుండగా ఫారడే ప్రక్కన నిలిచి సాయపడెను. కాలిన వజ్రమునుండి బొగ్గుపులుసు వాయువు తప్ప వేరేదియు రాలేదు. వంటయింటి బొగ్గును, రాజుల కిరీటములోని వజ్రమును ఒకే మూలపదార్థమని తేలెను. ఒకే పదార్థము తన కణముల అమరికనుబట్టి ఎంత వేరుగా ప్రవర్తించునో ఫారడే నాడే చూచినాడనవలెను.

1821లో సారా బర్నార్డ్ అను నామెను ఫారడే వివాహమాడెను. వారికి సంతానము కలుగలేదు; దాంపత్యము మాత్రము కడవరకు అన్యోన్యముగా సాగెను. ఆ సెప్టెంబరులోనే, విద్యుత్తు ప్రవహించు తీగె అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపెను. నేటి విద్యుత్ మోటారులకు అది బీజము. కాని ఆ కీర్తితో పాటు అపనిందయు వచ్చెను. వోలస్టన్ అను పెద్ద శాస్త్రజ్ఞుని ఆలోచనను అతని పేరెత్తక వాడుకొన్నాడని కొందరాడుకొనిరి. 1824లో ఫారడేను రాయల్ సొసైటీ సభ్యునిగా ఎన్నుకొనునపుడు, అధ్యక్షస్థానమున నున్న గురువు డేవీయే ప్రతికూలుడయ్యెను. ఐనను ఒక్క వ్యతిరేకపు ఓటుతో ఫారడే ఎన్నికయ్యెను. గురువు మనసు విరిగినను శిష్యుని నోట గురునింద ఎన్నడును రాలేదు.

1825లో ఫారడే ప్రయోగశాలకు నిర్వాహకుడయ్యెను. ఆ యేడే, నూనెనుండి తీసిన దీపపు వాయువును పాత్రలలో అదిమి నింపగా అడుగున మిగిలిన ద్రవమునుండి బెంజీను అను పదార్థమును వేరుచేసెను. అందు ఆరు బొగ్గు పరమాణువులు వలయముగా నిలిచియుండునని అప్పటికి ఎవ్వరును ఎరుగరు. ఆ షట్కోణపు అమరికను పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

1831 ఆగస్టు 29వ తేదీన, అయస్కాంతశక్తి మార్పునొందునపుడు సమీపపు తీగెలో విద్యుత్తు పుట్టునని అతడు కనుగొనెను. మన పొలముల మోటారులకు విద్యుత్తు నిచ్చు జనరేటరులు ఆ సూత్రముననే తిరుగుచున్నవి. ఈ కాలముననే అతని యెదుట రెండు దారులు నిలిచినవి. వ్యాపారులకు పరీక్షలు చేసి యిచ్చి, న్యాయస్థానములలో నిపుణుడుగా సాక్ష్యము పలికి ధనవంతుడగుట ఒక దారి; కొద్దిపాటి జీతముతో తన పరిశోధనములనే కొనసాగించుట రెండవ దారి. రొట్టె ముక్కతో వారము గడపిన కమ్మరి కొడుకునకు మొదటి దారిని విడుచుట సులభము కాదు. ఫారడే దానిని క్రమముగా విడిచెను.

రెండవ దారిలో అతనికి దొరకిన గొప్ప ఫలము విద్యుద్విశ్లేషణ నియమములు. నాణెముల దొంతరతో నాడు చూచిన బుడగలను ఇప్పుడతడు కొలువసాగెను. లోహపు రేకులు చిన్నవైనను పెద్దవైనను, నీటిలోని ఆమ్లము చిక్కనిదైనను పలుచనిదైనను, ప్రవహించిన విద్యుత్తు ఒక్కటే యైనచో పుట్టు ఉదజని వాయువు ఒక్కటే యని నిర్ధారించెను. పిదప వేర్వేరు ద్రవములగుండ ఒకే విద్యుత్తును పంపి చూడగా, ఒక్కొక్క మూలపదార్థము తన రసాయనతుల్యభారము ననుసరించియే వెలువడుచున్నదని తెలిసెను. నేటి లెక్క ప్రకారము 96,485 కూలుంబుల విద్యుత్తు ప్రవహించినచో ఇంచుమించు 1 గ్రాము ఉదజని, 107.9 గ్రాముల వెండి, 31.8 గ్రాముల రాగి వెలువడును. ఆ మొత్తమునకు ఫారడే పేరే పెట్టిరి. గిల్టు నగలవాడు ఎంత సేపు ముంచినచో ఎంత వెండి పట్టునో లెక్కకట్టుట కూడ ఈ నియమము చొప్పుననే.

కొత్త విషయమునకు పాత మాటలు చాలలేదు. అందుచేత 1834లో, కేంబ్రిడ్జి పండితుడైన విలియం హ్యూయెల్ మొదలగువారిని సంప్రదించి, గ్రీకు ధాతువులనుండి కొత్త మాటలు కూర్చెను. ద్రవమును తాకి విద్యుత్తునకు దారియగు లోహము ఎలక్ట్రోడు. విద్యుత్తుచే విడిపోవు ద్రవము ఎలక్ట్రోలైటు. ఎక్కు దారి ఆనోడు, దిగు దారి కాథోడు. ద్రవములో ఇటునటు పోవునది అయాను. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థులందరును వల్లించు ఈ మాటలు, చిన్ననాట వ్యాకరణము సరిగా నేర్వని అట్టలవాని అవసరమునుండి పుట్టినవి.

ఇదే కాలమున జరిగిన మరియొక పరిశోధనము అంత ప్రసిద్ధము కాదు గాని, అతని స్వభావమును చక్కగా తెలుపును. నీటిని విడదీయగా వచ్చిన ఉదజని, ప్రాణవాయువులను గొట్టములో నుంచగా, కొంతసేపటికి వాని కొలత తగ్గుచుండెను. మరియొకడైనచో గొట్టము కారుచున్నదని సరిపెట్టుకొనెడివాడు. ఫారడే కారణము వెదకెను. గొట్టములోనున్న ప్లాటినము రేకులే ఆ రెండు వాయువులను తిరిగి కలిపి నీటిగా మార్చుచున్నవని కనుగొనెను. రేకు పరిశుభ్రముగా నున్నపుడే ఆ శక్తి కలుగును. ఏ కొద్ది జిడ్డు అంటినను అది మాయమగును. లోహము ఏది యను ప్రశ్నతో సమానముగా, దాని పైతలమున ఏమున్నది యను ప్రశ్నయు ముఖ్యమని ఇందువలన స్పష్టమయ్యెను.

రెండేండ్లకు, 1836లో, షోన్‌బైన్ అను శాస్త్రవేత్త బాసెల్ నగరమునుండి ఒక వింతను వ్రాసి పంపెను. చిక్కని నత్రికామ్లములో ముంచిన యినుమును, తరువాత పలుచని ఆమ్లములో ముంచినను, అది తినబడుట లేదు. పైకి చూచుటకు ఇనుము ఇనుమువలెనే మెరయుచున్నది. ఫారడే తానును ఆ ప్రయోగములు చేసి, ఆ లోహపు తలము కంటికి కనబడనంత పలుచని ఆక్సైడు పొరతో గాని, అట్టి స్థితితో గాని కప్పబడి రక్షింపబడుచున్నదని ఊహించెను. ఆ పొరను చూపు యంత్రములు నాడు లేవు. ఆ యూహ సరియైన దారిలోనిదని తరువాతి పరిశోధకులు నిరూపించిరి. మన యింటి స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నె త్రుప్పు పట్టకుండుటకు దానిపై తానే యేర్పడు క్రోమియపు ఆక్సైడు పొరయే కారణము.

పలుచని పొరలపై అతని కుతూహలము వార్ధక్యమున కూడ తగ్గలేదు. 1857లో, వెలుగు చొచ్చిపోవునంత పలుచని బంగారు రేకులను, నీటిలో తేలియాడు ఎఱ్ఱని బంగారు రేణువులను పరిశీలించి, బంగారమే యైనను అతిసూక్ష్మమైనపుడు దాని రంగు వేరగునని చూపెను. అతిసూక్ష్మ పదార్థముల శాస్త్రమును వ్రాయువారు నేటికిని ఈ వ్యాసమును ఆదిలో తలచుకొందురు.

విద్వాంసులకు వలెనే బాలురకును అతడు గురువు. 1827 మొదలు 1860 వరకు పందొమ్మిది పర్యాయములు క్రిస్మసు సెలవులలో పిల్లలకు ఉపన్యాసమాలలు ఇచ్చెను. ఒక్క కొవ్వొత్తి నెదుట బెట్టుకొని రసాయనశాస్త్రమంతయు బోధించెను. మంటలో వెలుగునిచ్చునది కాలుచున్న బొగ్గు రేణువులేయని, ఆ రేణువులే చల్లబడి మసియగునని పిల్లలకు చేసి చూపెను. 1861లో ఆ ఉపన్యాసములు గ్రంథముగా వెలువడినవి. టిక్కెట్టు దొరకి వినిన అట్టలవాడు, టిక్కెట్టు దొరకనివారికి పుస్తకముద్వారా ఋణము తీర్చుకొనెను.

1840 ప్రాంతమునుండి అతని జ్ఞాపకశక్తి దెబ్బతినెను. నిన్న చేసినది నేడు తోచక బాధపడుచుండెను. కాని ప్రతి ప్రయోగమును తేదీతో, వరుససంఖ్యతో వ్రాసికొను అలవాటు అతనిని కాపాడెను. ఆ దినచర్యలో పదునారు వేలకు పైగా పేరాలు కలవు. 1857లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవి పిలిచి యిచ్చినను వలదనెను. బిరుదులను కోరలేదు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టున నివాసమునకు ఇల్లొసగెను. 1867 ఆగస్టు 25వ తేదీన అచ్చటనే కుర్చీలో కూర్చుండియే ప్రశాంతముగా కన్నుమూసెను. రాజులు, కవులు నిద్రించు వెస్ట్‌మినిస్టరులో సమాధి తనకు వలదని ముందే చెప్పియుండుటచే, హైగేటు శ్మశానమున నిరాడంబరముగా ఖననము చేసిరి.

ఫారడే మరణించినను అతడు విడిచిన ప్రశ్న మరణింపలేదు. లోహము, ద్రవము కలిసికొను తలమున ఏమి జరుగుచున్నది? ఆ తలముపై వేరొక పదార్థపు పలుచని పొరను పరచినచో ఏమి మారును? ఈ ప్రశ్న నేడు కొత్త వేషమున ప్రయోగశాలలలో నిలిచియున్నది.

1991లో జపాను శాస్త్రవేత్త సుమియో ఈజిమా, రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తు మంటను వెలిగించి, ఋణధ్రువమున పేరుకొన్న పదార్థమును సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, అతి సన్నని గొట్టములు కనబడినవి. వానికి కర్బన నానోగొట్టములని పేరు. కోళ్లగూటి తీగెవలను చుట్టినట్లు, ఆరు మూలల కన్నులుగల బొగ్గు పరమాణువుల వల చుట్టుకొని యేర్పడిన గొట్టములవి. బెంజీనులోని షట్కోణమే యిచ్చట వేలకొలది పర్యాయములు పునరావృత్తమైనది. ఒంటి గోడ గొట్టపు వెడల్పు ఇంచుమించు ఒక నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. లెక్క ప్రకారము అట్టి గొట్టములు ఒక్క గ్రాము విడివిడిగా పరచినచో పైతలము 1,300 చదరపు మీటర్లు, అనగా ముప్పదిరెండు సెంట్ల నేల యగును.

ఈ గొట్టముల పొడిని ద్రవములో కలిపి బంగారము, ప్లాటినము వంటి లోహపు ఎలక్ట్రోడుపై బొట్లుగా విడిచి ఆరనిచ్చినచో నల్లని పొర యేర్పడును. దానిని ఉప్పునీటి వంటి ద్రవములో ముంచి, విద్యుత్పీడనమును నియతవేగముతో పెంచుచు, మరల తగ్గించుచు, ప్రవాహమును గీతగా గీయుదురు. ఆ ప్రవాహము రెండు తెరగులు. గొట్టముల సందులలోనికి చొచ్చిన అయానులు పైతలమును ఆనుకొని గుమికూడుటవలన కలుగునది యొకటి. ఇది గాదెలో ధాన్యము నింపి తీయుట వంటిది, ఇందు పదార్థము మారదు. ఎలక్ట్రానులు తలమును దాటి ద్రవములోని పదార్థమును మార్చుటవలన కలుగునది రెండవది. మొదటిదే యున్నచో గీత దీర్ఘచతురస్రమును పోలియుండును; రెండవది చేరినచో శిఖరములు లేచును. గాదె యొక్క ఇముడుకు కొలతయైన ఫారడును, పదార్థమును మార్చు ఆ రెండవ ప్రవాహమునకు గల ఫారడీయ ప్రవాహమను పేరును — రెండును ఆ అట్టలవానివే.

పైతలము విశాలమగుటచే ఈ పొరలు విద్యుత్తును నిలువచేయు పరికరములకు, రక్తములోని చక్కెర మొదలగువానిని పసిగట్టు సాధనములకు ఉపయోగపడుచున్నవి. మెదడులోని సన్నని విద్యుత్సంకేతములను గ్రహించు లోహపు సూదులపై ఈ పూత వేసినచో సంకేతములు మరింత స్పష్టముగా అందునని 2008లో చూపిరి. కాని చిక్కులును కలవు. పొర లోహమును గట్టిగా అంటుకొననిచో విద్యుత్తునకు అడ్డు పెరుగును. పొరలోని రంధ్రములగుండ ద్రవము క్రిందికి దిగినచో అడుగున నున్న లోహమే పనిచేసి, ఆ కీర్తి పొరకు దక్కవచ్చును. అంతకన్న విచిత్రమైన సంగతి యొకటి కలదు. గొట్టములను తయారుచేయుటకు వాడిన యినుము మొదలగు లోహములు రవంత వానిలో మిగిలిపోవును. కర్బనమే చేసినదని నమ్మిన కొన్ని పనులు నిజమునకు ఆ మిగిలిన యినుము చేసినవని ఆక్స్‌ఫర్డు పరిశోధకులు 2006లో తేల్చిరి. జిడ్డంటిన ప్లాటినము రేకును తోమి తోమి పరీక్షించిన ఫారడే బ్రతికియుండినచో, ఈ సంగతికి ఆశ్చర్యపడెడివాడు కాడు. తలమున నిజముగా ఏమున్నదో చూడుమనియే అతడు తన జీవితమంతయు చేసి చూపెను.

ఇంతటి వృక్షమునకు విత్తనము ఎచ్చట పడినది? అట్టకు వచ్చిన యొక పరాయి పుస్తకములో. పనివానికి చదువెందుకని రీబో ఆ సంపుటమును లాగికొనియుండినచో, టిక్కెట్లు తనకే యుంచుకొందమని డాన్స్ తలచియుండినచో, షిల్లింగు దండుగయని అన్న కసరియుండినచో, ఫారడే కడవరకు మంచి అట్టలవాడుగనే మిగిలియుండెడివాడు. వారిలో ఎవ్వరును శాస్త్రజ్ఞులు కారు. పుస్తకమునకును, చదువగోరు వానికిని నడుమ అడ్డు నిలువకుండుటయే వారు చేసిన మేలు. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్న పనియు అదియే.

మిగిలిన సగము పాఠకునిది. రాగిబిళ్లలు, తుత్తునాగపు రేకు ముక్కలు, తడి కాగితము, గుప్పెడు ఉప్పు — ఇవి దొరకని పల్లె లేదు. శాస్త్రగ్రంథమును ఇంటికి గొనిపోవు బాలురు దానిని తిరిగి యిచ్చు నాటికి అందులోని ఒక్క ప్రయోగమైనను చేసి చూచినచో, ఆ పుస్తకము వారికి నిజముగా అందినదని మన మెంచవచ్చును.